ఎవరో తీసిన ఫోటో

ముందు తడిగుడ్డ, తర్వాత పొడిగుడ్డ. అలా తుడవకపోతే అద్దం మీద చారలు పడతాయని అత్తగారు మొదట్లోనే చెప్పింది. కోడలు స్టూలెక్కి హాల్లో గోడకున్న ఫోటోని తుడుస్తోంది. ఇంట్లో తక్కిన వస్తువులు దుమ్ము కొట్టుకుపోయినా ఆమె భర్తకి పట్టదు. ఈ అద్దం మీద ఈగ వాలిన మచ్చ ఉన్నా వీధి గుమ్మం దగ్గర్నుంచే కనపడుతుంది. "దీన్ని కాస్త చూసుకోవే. పదిమందికీ చూపించుకోడానికి మనకున్నది ఇదొక్కటేగా" అంటాడు.

ఫోటోలో ఆయన. ఆయన భుజం మీద చెయ్యేసి, దేశమంతా పేరున్న పరుగుపందెం వీరుడు. పెళ్ళైన కొత్తలో ఏదో ఊరు వెళ్తుంటే రైల్వే ప్లాట్‌ఫారం మీద తారసపడ్డాడు. ఆ రోజు నుంచి ఆ వీరుడు ఈ ఇంట్లో "మావాడు" అయిపోయాడు. "మావాడికి ఈసారి కాలు బెణికిందట" అంటూ పేపరు మడిచి దిగులుపడేవాడు ఆమె భర్త. ఇంటికెవరొచ్చినా కాఫీ చేతికందేలోపు ఆ కథ మొదలయ్యేది.

"బండి కదలబోతోందండీ. చూద్దును కదా, మావాడు. ఒక్క పరుగు తీశాను. ఆయన వెనక్కి తిరిగి నవ్వి, 'నాకంటే మీరే జోరుగా ఉన్నారే' అన్నాడు."

నిజానికి ఆ వీరుడు అన్నది "తొందరగా కానివ్వండి, నా బండి వెళ్ళిపోతుంది" అని. కోడలు అక్కడే ఉంది కాబట్టి ఆమెకు తెలుసు. అక్కడే ఉండటమేంటి, ఫోటో తీసిందే ఆమె. ఒక భుజానికి బట్టల సంచి, రెండో భుజానికి తినుబండారాల సంచి, మోచేతికి నీళ్ళ సీసా వేలాడుతుండగా, కెమెరా కదిలితే మొగుడు ఏమంటాడోనని ఊపిరి బిగబట్టి తీసింది. అయినా అతిథుల్లో ఎవరైనా "భలే వచ్చిందండీ, ఎవరు తీశారు?" అని అడిగితే, ఆయన చెయ్యి గాల్లో అలా ఊపి, "ఎవరో తీశార్లెండి, అక్కడున్నవాళ్ళు" అనేవాడు. సరిగ్గా అప్పుడే ఆమె కాఫీ ట్రేతో వాళ్ళ ముందు వంగి ఉండేది. మొదటిసారి విన్నప్పుడు తలెత్తి ఆయన వంక చూసింది. తర్వాత అలవాటైపోయింది.

ఆ ఫోటోలో ఆమె లేదని కూడా అనలేం. కింద, మగవాళ్ళిద్దరి కాళ్ళ దగ్గర, ప్లాట్‌ఫారం మీద పొడుగ్గా ఒక నీడ పడుకుని ఉంటుంది. చిన్న తల, రెండు పక్కలా సంచుల ఉబ్బులు. ఫోటో ఇంటికొచ్చిన రోజున అత్తగారు కళ్ళద్దాలు సర్దుకుని చూసి, "ఈ ఒంటె ఎక్కడ్నించి వచ్చిందిరా?" అంది. ఇంటిల్లిపాదీ పడీపడీ నవ్వారు. కోడలూ నవ్వింది. భర్తకి మాత్రం ఆ నీడ పంటికింద రాయిలా ఉండేది. కోయించేద్దామని ఫ్రేములవాడి దగ్గరికి తీసుకెళ్తే, "నీడ కోస్తే మీ బూట్లు కూడా పోతాయండీ" అన్నాడట. బూట్లు కొత్తవి. అందుకని నీడ బతికిపోయింది.

కోడలు కళ్ళద్దాల దుకాణంలో పనిచేస్తుంది. పొద్దున్నే వంట, గిన్నెలు, బట్టలు ముగించి వెళ్తుంది. సాయంత్రం వచ్చి చెప్పులు విప్పిన కాళ్ళతోనే పొయ్యి దగ్గరికి. "కూర్చుని చేసే పనేగా, అలసటేముంటుంది" అంటుంది అత్తగారు. "స్క్రూలు బిగించడం కూడా ఒక ఉద్యోగమేనా" అంటాడు భర్త. ఆ మాటల్లో పెద్ద విషమేం ఉండదు. అన్నం తింటూ ఉప్పు అందుకున్నంత మామూలుగా అంటారు. అందుకే వాటికి జవాబు ఆమెకి తోచేసరికి కంచాలు తీసే వేళవుతుంది.

ఆ రోజు దుకాణంలో బెంచీ నిండా జనం. ఆమె తలొంచుకుని ఒక పిల్లాడి కళ్ళజోడు వంపు సరిచేస్తోంది. అప్పుడు వినిపించింది.

"కాడ ఊడిపోయిందమ్మా. నా వంతు వచ్చినప్పుడు కాస్త చూస్తావా?"

ఆమె చేతిలో స్క్రూడ్రైవరు ఆగిపోయింది. తల ఎత్తలేదు. ఎత్తాల్సిన పనిలేదు. ఆ గొంతు ఆమెకు ఊహ తెలిసినప్పటి నుంచీ తెలుసు. చిన్నప్పుడు బడికి నడిచివెళ్ళే దారి పొడుగునా ఇంటింటి రేడియోలోంచీ అదే వచ్చేది. ఒక ఇంటి కిటికీ దగ్గర పల్లవి వింటే, మలుపు తిరిగేసరికి ఇంకో ఇంటి కిటికీలోంచి చరణం అందుకునేది. పాట అయిపోయేలోపు బడి గేటు దాటకూడదని ఆమె అడుగులు చిన్నవి చేసి నడిచేది. ఆలస్యమై ఎండలో నిలబెట్టినా ఏం అనిపించేది కాదు. పాట పూర్తిగా విన్నాను కదా అనుకునేది. ఆ పాడే ఆవిణ్ణి అందరూ పాటలమ్మ అనేవాళ్ళు. వేదికలెక్కడం మానేసి ఏళ్ళయింది. పాత బొమ్మల్లో పెద్ద జడ ఉండేది. ఇప్పుడు తల ఎత్తి చూస్తే, పొట్టిగా కత్తిరించిన తెల్లటి జుట్టు, నలిగిన నూలు బట్టలు, చేతిరుమాల్లో జాగ్రత్తగా మూటకట్టుకున్న, కాడ ఊడిన కళ్ళజోడు. దుకాణంలో ఎవరూ ఆవిణ్ణి గుర్తుపట్టలేదు.

కళ్ళజోడు లేక సరిగా ఆనడం లేదేమో, పాటలమ్మ చేత్తో తడుముకుని బెంచీ చివర కూర్చుంది. కర్ర పట్టుకుని ఒక ముసలాయన వస్తే, ఆ అలికిడికే జరిగి చోటిచ్చింది. ఆయన "చల్లగా ఉండమ్మా" అన్నాడు, ఆ చల్లగా ఉండమన్నది ఎవర్నో తెలీకుండానే. కోడలు పని చేస్తూనే ఓరకంట చూస్తోంది. ఇంత పేరున్న మనిషి, లేచి నిలబడి "నేను ఫలానా" అంటే ఈ బెంచీ మొత్తం ఖాళీ అయిపోతుంది. ఆవిడ అనలేదు. కళ్ళు మూసుకుని, ఫ్యాను చప్పుడూ, వీధిలో బళ్ళూ, పిల్లాడి సణుగుడూ అన్నీ సమంగా వింటూ కూర్చుంది. వినడం కూడా ఇంత పనిలా చేస్తారా మనుషులు అనిపించింది కోడలికి.

ఆవిడ వంతు వచ్చింది. స్క్రూ కోసం డబ్బాలో వెతుకుతుంటే దుకాణం యజమాని ఫోన్ మాట్లాడుతూనే, "ఎంతసేపు తల్లీ, తొందరగా కానీ" అని విసుక్కున్నాడు.

"ఆమెని తొందరపెట్టకండి. నాకేం తొందర లేదు" అంది పాటలమ్మ. తర్వాత గొంతు తగ్గించి, "నీ పేరేంటమ్మా?" అని అడిగింది.

కోడలు చెప్పింది. పాటలమ్మ ఆ పేరును ఒకసారి తిరిగి పలికింది. అంతే. ఏ అక్షరాన్నీ మింగకుండా, ఒక్కోదానికీ దాని చోటు దానికిచ్చి పలికింది. ఇంట్లో "ఏమేవ్", "ఇదిగో", "అమ్మాయ్". దుకాణంలో "తల్లీ". తన పేరు ఇంత పొడుగని ఆమె మరిచిపోయింది.

బిల్లు దగ్గర గుట్టు బయటపడింది. "ఏ పేరు రాయమంటారు?" అన్నాడు యజమాని. ఆవిడ చెప్పింది. ఆయన పెన్ను ఆగింది. ఫోన్‌లో ఉన్నవాడితో "మళ్ళీ చేస్తా" అని కూడా అనకుండా పెట్టేశాడు. కుర్చీ తెచ్చాడు, తుడిచాడు, అది వద్దని ఇంకోటి తెచ్చాడు. చొక్కా గుండీ పెట్టుకుని పాటలమ్మ పక్కన నిలబడి, చూడకుండానే ఫోన్‌ని కోడలి వైపు చాపాడు. "తియ్యి."

ఆమె కూడా అలవాటు ప్రకారం చెయ్యి చాచింది.

"మీరు తీయండి" అంది పాటలమ్మ ఆయనతో. "ఆమె ఇటు రావాలి. నాకు చూపు తెచ్చిపెట్టింది ఆమెగా."

అలా కోడలు ఫోటోలోకి వచ్చింది. చేతులెక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. పాటలమ్మ ఆమె చెయ్యి తీసుకుని తన చేతిలో పెట్టుకుంది. తర్వాత యజమానితోనూ ఓపిగ్గా నవ్వుతూ ఒక ఫోటో దిగింది. వెళ్ళబోతూ ఆగి అడిగింది.

"అందరికంటే ముందు నువ్వు పోల్చావు. నీ చెయ్యి ఆగిపోవడం విన్నాన్లే. నన్నెక్కడ చూశావు?"

"చూళ్ళేదండీ. విన్నాను."

పాటలమ్మ సరిచేసిన కళ్ళజోడులోంచి ఆమెను తేరిపార చూసింది. "శనివారం సాయంత్రం దీపాలు పెట్టే వేళకి, గ్రంథాలయం మేడ మీద గదిలో మేం కొంతమంది ఆడవాళ్ళం కూర్చుంటాం. ఎవరికొచ్చింది వాళ్ళు పాడతారు. పాడటం రాకపోయినా పర్లేదు. పాడేవాళ్ళు కావలసినంతమంది ఉన్నారు. వినేవాళ్ళే తక్కువ. రా."

యజమాని తన ఫోన్‌కి పంపిన ఫోటోని ఇంటికొచ్చి చూపించింది. భర్త ఫోన్ లాక్కుని పెద్దది చేసి, చిన్నది చేసి, మళ్ళీ పెద్దది చేశాడు. "నాకొక ఫోన్ కొట్టలేకపోయావా? పరుగెత్తుకుని వచ్చేవాణ్ణిగా" అన్నాడు. తర్వాత, "కాస్త నవ్వాల్సింది, శవం దగ్గర నిలబడ్డట్టున్నావు" అన్నాడు. ఆ రాత్రికే ఆ ఫోటో ఆయన ఫోన్లోంచి లోకానికి వెళ్ళిపోయింది, "మా కుటుంబానికి ఆప్తురాలు" అన్న మాటతో.

అత్తగారు మాత్రం కళ్ళద్దాలు సర్దుకుని చూసింది. "నిన్నెందుకు తన పక్కకి పిలిచింది ఆవిడ?" అంది.

"తెలీదత్తయ్యా."

"నాకంటూ ఒక్క ఫోటో లేదే ఈ ఇంట్లో" అంది అత్తగారు, బియ్యంలో రాళ్ళేరుతూ, ఆ రాళ్ళకి చెబుతున్నట్టు. "రేపు నేను పోతే గోడకి తగిలించడానికి గుర్తింపు కార్డు మీదున్నదే గతి. దాంట్లో నేను దొంగలా ఉంటాను."

శనివారం గురించి చెబితే భర్త నవ్వాడు. "నీకు పాటలొచ్చా ఏంటి, అక్కడ నీకేం పని?"

"వినడానికి రమ్మన్నారు."

"ఇంట్లో రేడియో ఉందిగా. సరే, నేనూ వస్తా పద."

"ఆడవాళ్ళేనట."

ఆయన మొహం కాసేపు ముడుచుకుంది, మళ్ళీ విచ్చుకుంది. "పోనీ ఇంకో పని చెయ్యి. మా ఆఫీసు వార్షికోత్సవానికి ఆవిణ్ణి పిలువు. మా ఆఫీసరుతో అనేశాను, మాకు బాగా తెలుసు, ఒక్క మాట చెబితే చాలు వస్తుందని. శనివారం సాయంత్రం ఆయన్నీ భార్యనీ కాఫీకి పిలిచాను. నువ్వే వాళ్ళ ముందు ఫోన్ చేసి మాట్లాడుదువుగాని."

"నా దగ్గర ఆవిడ నంబరు లేదండీ."

"అడిగి తీసుకోవాలని కూడా తెలీదా నీకు?"

తెలుసు. ఆవిడ ఇచ్చింది నంబరు కాదు, ఒక చోటు. ఆ చోటుకి చెయ్యి చాపుకుని వెళ్ళడం ఆమెకిష్టం లేదు. వినడానికి రమ్మన్న మనిషి దగ్గరికి అడగడానికి వెళ్తే, అక్కడ కూడా ఆమె సంచులు మోసే నీడే అవుతుంది.

శనివారం వచ్చింది. ఆఫీసరు, ఆయన భార్య హాల్లో కూర్చున్నారు. వంటింట్లో అత్తాకోడళ్ళు పలహారాలు సర్దుతున్నారు. హాల్లోంచి భర్త గొంతు వినిపిస్తోంది. ముందు రైల్వేస్టేషన్ అయింది. తర్వాత కొత్త కథ.

"ఆవిడ ఆ వీధిలో తిరుగుతుంటారని నాకు ముందే తెలుసండీ. నేనే చెప్పి ఉంచాను మావాళ్ళకి, వస్తే వదలద్దని."

అత్తగారు చేతిలో గరిట ఆపి కోడలి వంక చూసింది. కోడలు కప్పులు ట్రేలో పెట్టి హాల్లోకి వెళ్ళింది. ఆఫీసరు భార్య ఆమె వైపు తిరిగి, నిజంగా తెలుసుకోవాలన్నట్టు అడిగింది. "దగ్గర్నుంచి ఎలా ఉంటారండీ ఆవిడ?"

చెప్పాలని నోరు తెరిచింది. బెంచీ చివర కూర్చుని లోకాన్ని వింటూ ఉన్న ఆ మొహం గుర్తొచ్చింది.

"చాలా సింపుల్ అండీ" అన్నాడు భర్త. "అసలు గర్వమే లేదు. మా దగ్గర మరీనూ."

కిటికీ బయట వీధి దీపాలు వెలిగాయి. ఈపాటికి గ్రంథాలయం మేడ మెట్లు ఎవరెవరో ఎక్కుతుంటారు.

"వార్షికోత్సవం సంగతి వదిలేయండి, అది మా చేతిలో పని" అంటూ భర్త లేచాడు. "ముందు ఒక ఫోటో దిగుదాం, మావాడి కింద. ఇదిగో, తియ్యి." ఫోన్ ఆమె చేతిలో పెట్టాడు. ముగ్గురూ గోడకానుకుని నిలబడ్డారు. వాళ్ళ తలల పైన, ఆమె పొద్దున్నే తుడిచిన అద్దం తళతళలాడుతోంది. ఆమె ఫోన్ ఎత్తింది.

"కాస్త పక్కకి జరుగు, నీ నీడ పడుతోంది" అన్నాడు భర్త, నవ్వు చెదరకుండా.

ఆమె జరిగింది. ఒక్క అడుగు పక్కకి వేసి, అక్కణ్ణుంచి పూర్తిగా వెనక్కి తిరిగింది. వంటింటి గుమ్మంలో అత్తగారు తడి చేతులు తుడుచుకుంటూ, హాల్లో జరిగేది తొంగిచూస్తోంది. ఫోన్ తన వైపే ఉందని తెలిసేసరికి ఆవిడ చెయ్యి దానంతటదే జుట్టు సవరించుకోడానికి లేచింది. కోడలు ఊపిరి బిగబట్టలేదు. నింపాదిగా తీసింది.

ఫోన్ తెచ్చి అత్తగారి చేతిలో పెట్టింది. హాల్లో ముగ్గురూ ఇంకా అలాగే నిలబడి ఉన్నారు. అత్తగారు తడి వేళ్ళతో ఫోన్ పట్టుకుని తన మొహంలోకి తను చూసుకుంటోంది. కోడలు గుమ్మం దగ్గర చెప్పులు వేసుకుని, గ్రంథాలయం దారి పట్టింది.