మూత తియ్యని డబ్బా

ఆ పొద్దున ఏంజెల్ చేతులు కడుక్కోవడం అది పదకొండోసారి. ఎల్బీ నగర్ ప్రైవేటు దవాఖానలో పిల్లల ఐసీయూ బయట కుళాయి దగ్గర నిలబడి, గోళ్ల సందుల్లో రక్తం చిమ్మేలా తోముకుంటోంది. అయినా లోపలికి పోయి బిడ్డను ముట్టుకోనంటోంది.

అత్త కాంతమ్మకు కడుపు మండిపోతోంది. కోడలి మీద కాదు, కేస్ షీటు మీద. నెల తక్కువ పుట్టిన మనవరాలికి పద్దెనిమిదో రోజున ఫిట్స్ వచ్చాయి. వెన్నులోంచి నీరు తీసి చూస్తే, క్రోనోబాక్టర్ అనే క్రిమి మెదడు పొరల దాకా పాకిందని తేలింది. పాలపొడిలో బతికే క్రిమి అని డాక్టరే చెప్పాడు. చెప్పినవాడే 'ఇంట్లో అపరిశుభ్రంగా పాలు కలపడం వల్ల' అని రాసిపడేశాడు. పాలు కలిపేది ఏంజెలే.

పాలపొడి కంపెనీ మనిషి ఇంటికెళ్లి వంటిల్లు ఫొటోలు తీసుకున్నాడు. తర్వాత పండ్ల బుట్టతో దవాఖానకొచ్చాడు.

"డబ్బా తెరిచాక మాకు సంబంధం ఉండదండి. మీ చెంచా, మీ చేతులు... మేమెలా చూస్తామండి?"

"మా పొయ్యి కింద దాక వంగి చూసినవు గద. నీ ఫ్యాక్టరీల ఎవలు వంగి చూసిర్రు?" అంది కాంతమ్మ.

అతను బుట్ట వదిలేసి జారుకున్నాడు.

కాంతమ్మ ఇంట్లో వాడుతున్న డబ్బా పట్టుకుని చైతన్యపురిలో ఆహార పరీక్షలు చేసే ల్యాబుకు పోయింది. అక్కడ పనిచేసే జోస్నా వాళ్ల చర్చి పిల్లే. నాలుగు రోజులకు ఫలితం వచ్చింది.

"గదే క్రిమి పెద్దమ్మా. కాని ఇది తెరిచిన డబ్బా. మీ ఇంట్లనే పడ్డదంటరు."

"నీళ్లు మరగబెట్టి సల్లార్చినంకనే కలిపింది గద ఏంజెలు!"

"సల్లారిన నీళ్లకు గది సావదు. డెబ్బై డిగ్రీల వేడి ఉండాలె. డబ్బా మీద ఏం రాసిర్రో తెలుసా? గోరువెచ్చని నీళ్లల్ల కలపమని."

"అంటే వాళ్లు చెప్పినట్టు చేసుడే మా తప్పా?"

జోస్నా పెన్ను తీసి కాంతమ్మ అరచేతి మీద బ్యాచ్ నంబరు రాసింది. "గిదే నంబరుది, మూత తియ్యని డబ్బా తే. అప్పుడు ఎవ్వడూ నోరు తెరవడు."

దిల్‌సుఖ్‌నగర్ బస్టాండు నుంచి మొదలుపెట్టి కొత్తపేట దాకా కాంతమ్మ మందుల దుకాణాలన్నీ ఎక్కి దిగింది. పదిహేడో దుకాణం జానయ్యది.

"చీరెలు ఏరినట్టు ఏరుతున్నవేందమ్మా? డబ్బాలన్ని ఒక్కతీర్గనే ఉంటయి."

"మేం గూడ గట్లనే అనుకున్నం" అంటూ ఆమె అరచేయి చాపింది. ఆ నంబరువి మూడు దొరికాయి. సంగతంతా విన్నాడు జానయ్య. ఒకటి ఆమెకిచ్చి బిల్లు మీద సంతకం పెట్టాడు. మిగతా రెండూ ఇంకెవరికీ అమ్మకుండా షెల్ఫులోంచి తీసి బల్ల కింద దాచాడు.

మళ్లీ నాలుగు రోజులు. జోస్నా మూత తీసింది ల్యాబులోనే, ఇద్దరు సాక్షుల ముందు. అదే క్రిమి.

ఆ రిపోర్టు పట్టుకుని కాంతమ్మ ఐసీయూ తలుపు దగ్గర డాక్టరుకు అడ్డం నిలబడింది.

"సార్, నా కోడలి మీద రాసింది కొట్టెయ్యి."

"కేస్ షీటు అట్లా మార్చకూడదమ్మా."

"మార్చకు. కింద ఇంకోటి రాయి. మూత తియ్యని డబ్బాల గూడ క్రిమి దొరికిందని రాసి సంతకం పెట్టు. ఆమె చేతులదే తప్పని రాసెటప్పుడు ఎవల్ని అడిగినవు? పెన్ను జేబులనే ఉంది గద."

సిస్టర్లు పని ఆపి చూస్తున్నారు. డాక్టరు తలెత్తకుండా రాసి సంతకం పెట్టాడు.

"సదువు. గట్టిగ సదువు. నా కోడలికి ఇనబడాలె."

అతను చదివాడు. కుళాయి చప్పుడు ఆగిపోయింది. సిస్టర్ ఇచ్చిన గౌను తొడుక్కుని ఏంజెల్ లోపలికి నడిచింది. అద్దంలోంచి కాంతమ్మ చూస్తూనే ఉంది. పుండ్లుపడ్డ వేలొకటి బిడ్డ పిడికిట్లోకి పోయింది.

కాంతమ్మ రిపోర్టు మడిచి కొంగున కట్టుకుని, జెరాక్స్ షాపు ఎటుందని వాచ్‌మన్‌ను అడిగింది. కాపీ ఇవ్వాల్సిన దుకాణాలు పదిహేడున్నాయి మరి.