ఒక్కొక్కటే

అద్దం శుభ్రంగా నాకుతుందని దుకాణంవాడు చెబితే, చూపుడువేలంత నల్లచేపను తెచ్చి అక్వేరియంలో వేశాడు నరసింగరావు. అది అద్దాన్ని నాకింది, బంగారుచేపల మేతనూ నాకింది, ఏడాది తిరిగేసరికి మోచెయ్యంత అయింది.

"ఆ దెయ్యానికి నీళ్లు మార్సడం నావల్ల కాదు. అదుండాలో నేనుండాలో తేల్సండి" అంది భార్య గున్నమ్మ.

చంపడానికి అతనికి చేతులు రాలేదు. చెరువులో వదిలితే పుణ్యమైనా దక్కుతుందనుకుని, తెల్లవారగానే బకెట్‌లో వేసి, పైన తువ్వాలు కప్పి, స్కూటర్ మీద రిసాలి తలాబ్‌కి బయల్దేరాడు.

తీరా వెళ్తే మెట్ల మీద సూర్యారావు కూర్చుని ఉన్నాడు. ఈ హిందీ ఊరికొచ్చి, ఉక్కు ప్లాంటులో ఇద్దరూ ఒకే మిల్లులో పనిచేసి రిటైరయ్యారు.

"ఏటి గురూ, పొద్దున్నే బకెట్టు?"

"బట్టలు. వాషింగ్ మెషిన్ పాడైంది. నువ్వేటి ఇలాగ?"

"పూజపువ్వులు నీళ్లలో కలుపుదామని" అంటూ సూర్యారావు పక్కనున్న గుడ్డసంచిని చూపించాడు.

అంతలో బకెట్ టపటపా కొట్టుకుంది.

"బట్టలు బానే ఉతుక్కుంతన్నాయి" అన్నాడు సూర్యారావు. ఆ మాట అంటుండగానే పూజపువ్వుల సంచి మెల్లగా పాక్కుంటూ ఒక మెట్టు దిగింది. అందులోంచి తాబేలు తల బయటికొచ్చి ఇద్దరినీ చూసింది. ఇక దాచడానికేమీ లేక, ఇద్దరూ చెరువుకేసి చూస్తూ నిలబడ్డారు.

అవతల జాలరి కుర్రాడు సుభాష్ వల లాగుతున్నాడు. రోహు చేపలు నాలుగు పడ్డాయి. మిగతావన్నీ నల్లవి, నరసింగరావు చేపకు అన్నదమ్ముల్లా ఉన్నాయి. వాటి ముళ్లకు వల చిరిగిపోయింది. వాటిని ఒక్కొక్కటే తీసి గట్టు మీదికి విసురుతూ, ఇవి రోహు గుడ్లు తినేస్తున్నాయనీ, ఎవరు తెచ్చి వేస్తున్నారో తెలియడం లేదనీ హిందీలో విసుక్కున్నాడు సుభాష్. పెద్దమనుషులిద్దరూ ఆకాశంలో మబ్బుల్ని పరీక్షించసాగారు.

బకెట్ మళ్లీ కొట్టుకుంది. సుభాష్ వచ్చి తువ్వాలు ఎత్తి చూశాడు.

"మాది ఒక్కటే బాబూ" అన్నాడు నరసింగరావు.

"అందరూ ఒక్కొక్కటే వేస్తారు అంకల్‌జీ."

తిట్టి ఉంటే బాగుండేది. ఆ నీరసపు మాటకు నరసింగరావు తల ఎత్తలేకపోయాడు. తువ్వాలు మళ్లీ కప్పి, బకెట్ స్కూటర్ మీద పెట్టుకున్నాడు. సూర్యారావు వెనకెక్కి, తాబేలును ఒళ్లో పెట్టుకున్నాడు.

గుమ్మంలో గున్నమ్మ చూసింది. "వదిలీమంటే దానికి చుట్టాన్ని కూడా తెచ్చారా?"

జరిగింది విన్నాక ఆవిడ "మన పీడ ఆ పిల్లడి వల్లో ఎందుకు? పెరట్లో సిమెంటు తొట్టి ఉంది కదా, అందులో ఎయ్యండి. నీళ్లు మాత్రం మీరే మార్సాలి" అంది.

ఆ వారం పార్కులో నడిచేవాళ్లందరినీ ఆపి నరసింగరావు ఒకటే ఉపన్యాసం: "సెరువులో ఏవీ వదలకండి." ఉపన్యాసం బాగానే పనిచేసింది. చెరువుకి వెళ్లాల్సిన బకెట్లన్నీ అతని ఇంటికి రావడం మొదలైంది. ఇద్దరు మిత్రులకూ రోజంతా నీళ్లు మార్చడమే సరిపోతోంది. ఒకరోజు గేటు ముందు మూత కప్పిన బిందెతో నిలబడ్డ ఒకాయన్ని గున్నమ్మ అడ్డగించింది.

"సేపా, తాబేలా?"

"పీత అమ్మా."

గున్నమ్మ నిట్టూర్చి గేటు తీసింది. "ఏవండీ, మీకోసం ఎవరో వచ్చారు."