దేవదాసు రేడియో చెప్పిన ఓట్లు

ప్రభాకర్ చేసింది నేను చచ్చేదాకా మరవను. తొంభై ఒకటిలో ఒమాన్‌లోని బహ్లాలో మా ఇద్దరిదీ ఒకే రూమ్. సైట్‌లో పైనుంచి పడి చనిపోయిన దేవదాసు రేడియో గోడ మేకుకు వేలాడుతుండేది. ఉర్దూ వార్తలు విని మాకు తెలుగులో చెప్పేది అతనే. శవం ఊరు చేరేదాకా ఎవరూ పెట్టకూడదని బ్యాటరీలు తీసేశాం.

సోవియట్ యూనియన్‌లో ఉండాలా, పోవాలా అని ఉక్రెయిన్‌లో ఆదివారం ఓట్లు. శుక్రవారం మధ్యాహ్నం అన్నం తింటుంటే ఆ రేడియో దేవదాసు గొంతుతో పలికింది.

"నూటికి తొంభై మంది పోతమన్నరు తమ్మీ."

"గొంతు మార్చుడు నీకు అలవాటే గదా, ప్రభాకరన్నా!" అని నవ్వాను.

"నేను కాదురా. అన్నం మీద ఒట్టు."

"ఎర్రజెండను ఇడిశిపెట్టి ఎవడు పోతడన్నా? పోతే ఒర్రెకాడి నా చెల్క నీదే," అని అతని చేతిలో చెయ్యేశాను.

మంగళవారం పక్క రూమ్ రేడియోలో అదే లెక్క వచ్చింది. మలయాళీలు కొందరు ఏడ్చారు. పఠాన్లు ఖర్జూరాలు పంచారు. ప్రభాకర్ ముఖం పాలిపోయింది.

"పందెం కాయకుంట నిన్ను ఆపనీకే చెప్పిండురా దేవదాసు," అన్నాడు మేకువైపు చూడకుండా.

అంత భయపడ్డవాడు కూడా వాగు పక్కనున్న ఆ మెట్టచెల్కను వదల్లేదు. ఊరెళ్లగానే రాయించుకున్నాడు, ముప్పై రెండు గుంటలు.