రెండు పిలుపులు

వీధిలో అందరూ ఆవిణ్ణి కుక్కల పిన్ని అనేవారు. అననీండి, ఆవిడ పని అలాంటిది. పాలు మానిన కుక్కపిల్లల్ని తెచ్చుకుని, మనుషుల్లో మసలడం నేర్పి, మంచి ఇళ్లు చూసి పంపేది. గిన్నె కింద పడితే బెదరకూడదు, గొడుగు తెరిస్తే పారిపోకూడదు, గోళ్లు కత్తిరిస్తుంటే పళ్లు చూపకూడదు. మొక్కై వంగనిది మానై వంగునా? ఏం నేర్పినా ఆ మొదటి మూడు నెలల్లోనే.

ముప్పై ఏళ్లు ఆ పని మొగుడూ పెళ్లాం కలిసి చేశారు. ఆవిడది పీలగొంతు, ఆయనది బొంగురు గొంతు. పిల్లలకి మగగొంతు అలవాటు చెయ్యడం ఆయన వంతు. గిన్నెలు పెట్టేటప్పుడల్లా "రండ్రా దొంగల్లారా, తాత పిలుస్తున్నాడు" అనేవాడు. కిందటేడు ఆయన పోయాడు. ఆ మాట మాత్రం ఫోనులో మిగిలింది.

తర్వాత వచ్చిన ఈతలో నాలుగు పిల్లలు. పిన్ని ఆ మాటని చిన్న స్పీకరులో పెట్టి పూటపూటా వినిపించింది. మగగొంతు అలవాటవ్వాలిగా అని పైకి చెప్పింది. అదీ నిజమే. తనకి వినాలని ఉండటం అంతకన్నా పెద్ద నిజం. తప్పుపట్టేవాళ్లు పట్టండి, నేను మాత్రం పట్టను.

మూడు పిల్లలు హుషారైనవి, తొందరగానే ఇళ్లకి చేరాయి. మెడలో ఎర్ర రిబ్బను ఉన్న నాలుగోది ఉత్త పిరికిది. ఎప్పుడు చూసినా స్పీకరుకి ఆనుకుని పడుకునేది. దాన్ని అడగొచ్చిన ఇద్దరినీ పిన్ని ఏదో వంక పెట్టి పంపేసింది.

"ఒకళ్లింట్లో మెట్లెక్కువన్నావు, ఇంకొకళ్ల గుమ్మం ఇరుకన్నావు. ఈసారి వచ్చినవాడి ముక్కు బాలేదంటావా వదినా?" అంది ఆడపడుచు.

ఈసారి వచ్చింది స్కూలు వ్యాను డ్రైవరు. ముక్కు బాగానే ఉంది. అతను నోరు తెరిచి "దా" అన్నాడో లేదో, ఎర్ర రిబ్బను ఒక్క పరుగున పోయి స్పీకరు వెనక నక్కి, నిలబడ్డచోటే తడిపేసుకుంది. పిన్నికి తన తప్పు అప్పుడు తెలిసింది. ఆ పిల్ల ఎరిగిన మగవాడు పెట్టెలో ఉన్నవాడొక్కడే. ఒళ్లూ కాళ్లూ ఉన్న మగవాడంటే దానికి హడలు. చేతులారా తనే చేసింది. ఇలాగే వదిలేస్తే బతికినన్నాళ్లూ దానికి వణుకే.

"పదిరోజులు పొద్దున్నే రాగలవా బాబూ?" అని అడిగింది. "కింద కూర్చుని గిన్నె పెట్టి, నేను చెప్పిన మాటే అనాలి."

మాట విని అతను తల గోక్కున్నాడు. "ఉన్నది ఒక్కటేగా అమ్మా, దొంగల్లారా అంటే..."

"అలాగే అనాలి."

పిల్లల్ని బడిలో దింపి రోజూ వచ్చేవాడు. మొదటి మూడురోజులూ అది గిన్నె వైపే రాలేదు. ఆరోరోజు అతని చేతిలోది తింది. పిన్ని సంతోషించింది.

పంపేముందు ఆయన పెట్టిన పరీక్ష ఒకటుంది. పాతవాళ్లూ కొత్తవాళ్లూ చెరోవైపు నుంచి పిలవాలి. పాతవాళ్ల దగ్గరికొస్తే ఇంకా తయారవలేదని ఉంచేసుకోవాలి. కొత్తవాళ్ల దగ్గరికెళ్తే మారు మాట్లాడకుండా ఇచ్చెయ్యాలి. పదోరోజు పిన్ని స్పీకరు ఒళ్లో పెట్టుకుని ఒక మూల కూర్చుంది. డ్రైవరు ఇంకో మూల. ఆడపడుచు పిల్లని నడిమధ్య వదిలింది. ఎవరూ చూడకుండా పిన్ని సౌండు పూర్తిగా పెంచింది. ముప్పై ఏళ్లలో ఆవిడ చేసిన దొంగపని అదొక్కటే.

"రండ్రా దొంగల్లారా, తాత పిలుస్తున్నాడు."

పిల్ల చెవులు రిక్కించింది. పిన్ని వైపు రెండడుగులు వేసింది. రా తల్లీ, రా, అని ఆవిడ లోపల్లోపల బతిమాలుకుంది. అంతలో అవతలి మూల నుంచి డ్రైవరు అదే మాట నెమ్మదిగా అన్నాడు. పిల్ల ఆగింది, వెనక్కి తిరిగింది, పరుగున పోయి అతని ఒళ్లోకెక్కి చొక్కా గుండీ నాకింది.

"నేర్చుకుంది," అంది పిన్ని. ఎర్ర రిబ్బను విప్పి అతని చేతిలో పెట్టింది.

వాళ్లు వెళ్లాక గిన్నె కడిగి బోర్లించింది. ఉండబట్టలేక స్పీకరు మీట నొక్కింది. ఆయన ఎప్పటిలాగే దొంగలందర్నీ పిలిచాడు. గచ్చు మీద గోళ్ల చప్పుడేదీ రాలేదు. కాసేపు చూసి, ఆవిడే వెళ్లి స్పీకరు పక్కన కూర్చుంది.