ఫ్యాడిష్‌కు తల్లెవరు?

2007లో మేడ్చల్ పక్క అత్వెల్లి ఊళ్లో గండయ్య ద్రాక్షతోట తీసేసి ఈమూ పక్షులు పెంచాలనుకున్నాడు. రెండెకరాల పందిరి అది. ఇరవయ్యేళ్లుగా ఇల్లు నడిచింది ఆ తీగల మీదే. ఈమూని ఎవరు తింటారని ఊళ్లో ఎవరినడిగినా "ఏమో" అన్నారు. ఈమూకి 'ఏమో' అన్న పేరే బాగుందని నేను నవ్వాను. గండయ్య నవ్వలేదు. అప్పటికే పందిరి చివరనున్న రెండు వరుసలు కొట్టించేశాడు.

నేను మేడ్చల్‌లో ఇంగ్లీషు ట్యూషన్లు చెప్పేవాణ్ని. ఆయన కూతురు వినోద నా దగ్గర చదువుకునేది. ఒక ఆదివారం తండ్రినీ, ఒక ఇంగ్లీషు పేపరు ముక్కనీ వెంట తెచ్చింది. అందులో ఈమూల పెంపకాన్ని 'ఫ్యాడిష్' అని రాశారు.

"సార్, గీ మాటకు అర్థం మీరే చెప్పుండ్రి. నేను చెప్తె బాపు ఇంటలేడు."

"ఇంగ్లీషుల పడ్డదంటె మంచి ముచ్చటే అయుంటది" అన్నాడు గండయ్య.

"కాదు గండయ్యా. జనమంతా ఒక్కసారి ఎగబడి, కొన్నాళ్లకు మర్చిపోయే మోజు ఉంటుంది చూడు, అలాంటిదాన్ని అంటారు."

గండయ్య దేన్నీ అంత తొందరగా ఒప్పుకోడు. బర్రెను కొనాలన్నా ముందు దాని తల్లి ఏ కొట్టంలో ఉందో కనుక్కుని, ఆ ఊరు పోయి, రెండు పూటలు పాలు పిండించి చూశాకే పలుపు పట్టుకుంటాడు.

"సరే సారూ. గీ మాటకు తల్లెవ్వలు?"

నిఘంటువు తీశాను. "ఇష్ అనేది తోక. అది తీసేస్తే ఫ్యాడ్. ఇంగ్లండు పల్లెల యాసలోంచి వచ్చిందంటారు. వాళ్లు పనికిమాలిన మాటల్ని ఫిడిల్ ఫ్యాడిల్ అంటారట, అందులోంచి ఊడిన ముక్కేమోనని కొందరి ఊహ. ఖాయంగా ఎవరికీ తెలియదు."

"గింత లావు బుక్కుల గూడ లేదా?" ఇంగ్లీషు రాకపోయినా పేజీ తానే తిప్పి చూశాడు.

"బర్రెకైతే రెండూర్లు తిరుగుతవ్ బాపూ" అంది వినోద. "గీ పిట్టలకు ఫారమోళ్లు పంచిన రంగు కాయితం జూసి తోట కొట్టిస్తున్నవ్."

గండయ్య నిఘంటువు మూసేశాడు. మర్నాడు మమ్మల్నిద్దర్నీ శామీర్‌పేట దగ్గర ఈమూలు అమ్మే ఫారానికి తీసుకుపోయాడు.

"గుడ్లు ఎవ్వలు కొంటరు?" అని అడిగాడు.

"కొత్తగ ఫారం పెట్టెటోళ్లు, కాకా" అన్నాడు ఫారం మనిషి.

"ఆళ్ల కాడ?"

"ఆళ్లెన్క పెట్టెటోళ్లు."

"మరి తినెటోళ్లు?"

"వస్తరు కాకా. ముందుగాల అందరు పెంచాలె గద."

ఒక ఈమూ మెడ చాచి గండయ్య భుజం మీది తువ్వాల లాగింది. ఆయన మెల్లగా విడిపించుకున్నాడు. "పిల్లలైతే మస్తున్నయి" అన్నాడు నాతో. "పాలు పిండి సూపెటోడే లేడు."

తిరిగొచ్చి నేరుగా పందిరి కిందికి పోయాడు. మిగిలిన వరుసల్లోంచి జానెడేసి తీగముక్కలు కోసి, నరికించిన చోట గుచ్చడం మొదలుపెట్టాడు. వినోద బిందెతో నీళ్లు తెచ్చింది.

"వేళ్లు పడతాయంటావా?" అన్నాను.

"సూద్దాం సారూ. వీటి తల్లి పక్క వరుసలనే ఉన్నది."