గంప అడుగున తడి

నేను ఒక గంపెడు ఇసుకను. కిరీటంలో పొదిగిన రాయిని కాదు, కోట గోడలో ఇమిడిన రాయినీ కాదు. కోళ్ల గూట్లో పడి ఉండే ఇసుక కథ ఎవరు వింటారు అని మీరు మొహం తిప్పుకుంటే నేను తప్పు పట్టను. కానీ చెప్పకపోతే నాకు ఊపిరాడేలా లేదు. నా వల్ల ఒక ముసలావిడ చేతికి చెడ్డపేరు వచ్చింది. నాకేమో మంచిపేరు వచ్చింది. ఎంత సిగ్గుచేటో చూడండి!

ఒకప్పుడు నేను ఆదిలాబాద్ కొండల్లో బండరాయిని. వాగు నన్ను దొర్లించి, అరగదీసి, పొడి చేసి, ఒక మలుపులో పారేసింది. పిల్లలు నాతో పిచ్చుక గూళ్లు కట్టేవారు, బర్రెలు తొక్కి పోయేవి. ఎవరికీ మంచీ చేయలేదు, చెడూ చేయలేదు. ఆ రోజులే నయం.

ఒక చలికాలం జమున గంప పట్టుకుని వాగులోకి దిగింది. ఆమె వాగు పక్క ఊరికి కొత్త కోడలు. పుట్టిల్లు గోదావరి ఒడ్డున. అక్కడ కోళ్ల గూట్లో ఇసుకే పోస్తారు. రెట్ట ఇసుకలో పడి ఎండుతుంది, జల్లెడ పట్టి తీసేస్తే గూడు శుభ్రం. ఈ ఊళ్లో మాత్రం వడ్ల ఊక పోస్తారు. చెమ్మ తగిలిందంటే ఊక కంపు కొడుతుంది, పురుగు పడుతుంది. అత్త నర్సవ్వకు ఈ కొత్త పద్ధతి నచ్చలేదు.

“మీ పుట్టింట్ల అన్నిటికీ ఇసుకనేనా పిల్లా? చలికాలం కోళ్లకు ఊకనే ఎచ్చగుంటది.”

“ఒక్కసారి జూడు అత్తా. గూడు వాసన రాకుంటె అప్పుడు నువ్వే అంటవు,” అంది జమున.

జమున అన్నది అబద్ధం కాదు. ఒక్క సంగతి మరిచిపోయిందంతే. వాళ్ల గోదావరి ఇసుక తిన్నెల మీద పొద్దంతా ఎండలో కాగి ఉంటుంది. నన్నేమో వాగు నీళ్లలోంచి ఎత్తుకొచ్చింది. పైగా పుష్యమాసం. మా కొండల కింద మధ్యాహ్నం దాకా మంచు విడవదు. జమున నన్ను వాకిట్లో పరిచింది. గాలికి పైపైన తెల్లబడ్డాను. ఎండిందనుకుని సగం గూట్లో పోసింది, సగం పొదిగే గంపలో పోసింది. లోపలి తడి లోపలే ఉండిపోయింది. మర్నాడు పొద్దున గూట్లో కోళ్లన్నీ ఒంటికాలి మీద నిలబడి ఉన్నాయి. వాటి పాదాల వేడిని నేనే లాగేసుకున్నానని నాకు తెలుసు. జమునకు తెలియలేదు.

ఆ ఊళ్లో కోడి పొదుగుకు వస్తే దాని కింద గుడ్లు ఎవరు పడితే వాళ్లు పెట్టరు. పోసుబాయి రావాలి. ఆమె చెయ్యి మంచిదని పేరు. ఆమె పెట్టిన గుడ్లు మురగవట. విత్తనాల సంచిలో మొదట చెయ్యి పెట్టేదీ ఆమే, పుట్టిన బిడ్డకు తొలి స్నానం పోసేదీ ఆమే. మొగుడు లేడు, పిల్లలు లేరు, తన పొలమంటూ లేదు. ఏ వాకిట్లోంచో “అవ్వా, ఒకసారి వచ్చిపో” అని పిలుపు వస్తే చాలు, ఆ పూట ఆమె మొహం చూడాలి! ఆ పిలుపు మీదే బతికేది.

పోసుబాయి వచ్చింది. పిడుగు చప్పుడుకు గుడ్లు చెడకుండా గంపలో ఒక బొగ్గుముక్క, ఒక ఇనుప మేకు పెట్టింది. తర్వాత గుడ్ల కోసం గుంత చేయడానికి నాలో చెయ్యి పెట్టింది. అమ్మయ్య, దొరికిపోయాను, ఇప్పుడు ఈమె తడి కనిపెట్టి నన్ను బయట పారబోయిస్తుందని అనుకున్నాను. చెయ్యి మణికట్టు దాకా దిగింది. అటూ ఇటూ తడిమింది. అయినా గుంత చేసేసింది. గుడ్లు ఒక్కొక్కటే పెట్టి, కోడిని కూర్చోబెట్టి, టీ తాగి వెళ్లిపోయింది.

కోడి పాపం మేత కూడా మరిచి కూర్చుంది. పైనుంచి అది వెచ్చదనం ఇస్తుంటే కింద నుంచి నేను తోడేశాను. మూడు వారాలు దాటినా ఒక్క గుడ్డూ చిట్లలేదు. అన్నీ మురిగిపోయాయి.

“పోసుబాయి చేతిల ఇంక బర్కత్ లేదు,” అంది నర్సవ్వ.

జమున గంపను పెరట్లో కుమ్మరించింది. నన్ను గుప్పెట్లో పట్టి నొక్కింది. ఉండ కట్టాను. లోపలి తడి ఆరలేదని ఆమెకు అప్పుడు తెలిసింది. వంటింటి వైపు ఒకసారి చూసింది. పుట్టింటి పద్ధతులు తెచ్చి గుడ్లన్నీ నాశనం చేశావని అత్త దెప్పుతుందని భయం. ఉండను చిదిపి నన్ను గూట్లోకి ఎత్తిపోసింది.

నర్సవ్వ మాట బావి దగ్గరికి పోయింది, అక్కడి నుంచి ఇంటింటికీ పోయింది. పోసుబాయి చెయ్యి చెడిందని ఊరంతా కోడై కూసింది. నువ్వుల విత్తనాలకు పిలవలేదు. పక్కింట్లో బిడ్డ పుడితే స్నానం ఇంకెవరో పోశారు. పోసుబాయి ఆ ఇంటి తడిక దాకా వచ్చి, నిలబడి, వెనక్కి తిరిగిపోయింది. అది జమున చూసింది. పోసుబాయి మాత్రం అందరితో “నా చెయ్యికేమైంది? గుడ్లే మంచియి గావు” అనేది. ఎవరు వింటారు?

ఎండాకాలం వచ్చింది. నేను నిలువునా ఎండాను. ఇక నా వైభవం చెప్పాలా! గూట్లో వాసన లేదు, పురుగు లేదు. కోళ్లు నాలో పొర్లి పేలు దులుపుకునేవి. “మా కోడలు తెచ్చిన ఉపాయం” అని నర్సవ్వే అందరికీ చెప్పుకుంది. ఇంటికో గంప చొప్పున ఇసుక మోసుకొచ్చారు. మనుషులు భలేవాళ్లు. తప్పు చేసినదాన్ని ఇంట్లో పోసుకుని, పాపం ఎరగని చేతిని వాకిట్లోకి రానివ్వలేదు. నన్ను పొగిడినప్పుడల్లా జమున తలదించుకునేది. నాకు దించుకోవడానికి తల కూడా లేదు.

మళ్లీ చలికాలం వచ్చింది. మళ్లీ కోడి పొదుగుకొచ్చింది. జమున నన్ను పెరటి వెనక బండ మీద పలచగా ఆరబోసింది. గుప్పెట్లోంచి నీళ్లలా జారేదాకా ఎండబెట్టి, ఆ వేడి మీదే గంపకెత్తింది. తర్వాత వెళ్లి పోసుబాయిని పిలుచుకొచ్చింది. ఆమె వాకిట్లోనే ఆగిపోయింది, చేతులు గొంగడి లోపల పెట్టుకుని.

“నన్నెందుకు పిలిచినవు బిడ్డా? మళ్ల గుడ్లు మురిగితె నీకు మాటొస్తది.”

“నీ తప్పు గాదవ్వా,” జమునకు ఏడుపు ఆగలేదు. “నిరుడు ఇసుక తడిగున్నది. నేనే సక్కగ ఎండవెట్టలే. గంప కుమ్మరించిన్నాడే నాకెరుకైంది. అత్తకు భయపడి చెప్పలే. ఊరంత నిన్ను అంటుంటె గూడ చెప్పలే.”

గుమ్మంలో చాట పట్టుకుని నిలబడ్డ నర్సవ్వ చెరగడం ఆపేసింది. హమ్మయ్య, ఇన్నాళ్లకు నా బరువు దిగింది అనుకున్నాను.

పోసుబాయి చేతులు బయటికి తీసి చూసుకుంది.

“తడిగున్నదా?”

“అవునవ్వా.”

“గుంత జేసింది నేనే గద. చెయ్యి లోపటిదాక వెట్టిన.” వేళ్లు మడిచి తెరిచింది. “నా చేతికి తెల్వలేదు బిడ్డా. తడి ఇసుకల చెయ్యి వెట్టి గూడ తెల్వలేదంటె, ఊరోళ్లు అన్నది నిజమే గద.”

నింద తీసేద్దామని పిలిచి, ఏడాదిగా ఆమె నమ్మని మాటను మేమే నమ్మించాం. ఇంతకంటే పాపం ఉంటుందా?

చివరికి నర్సవ్వే చాట కింద పెట్టి వచ్చింది. పోసుబాయి మోచెయ్యి పట్టుకుని గంప దగ్గర కూర్చోబెట్టింది.

“నోటికొచ్చింది అన్న. తప్పయింది అవ్వా. తడి జూసుడు నా కోడలు పని. గుడ్లు వెట్టుడు నీ పని. వెట్టు.”

పోసుబాయి నాలో చెయ్యి పెట్టింది. బండ మీద కాగిన వేడినంతా ఆ వేళ్లకే ఇచ్చేశాను. గుడ్లకు కాస్త దాచాలన్న ధ్యాస కూడా లేకపోయింది. చెయ్యి చాలాసేపు నాలోనే ఉంది.

“ఎచ్చగున్నదా అవ్వా?” జమున అడిగింది.

పోసుబాయి జమున మొహం చూసింది, నర్సవ్వ మొహం చూసింది.

“ఉన్నది బిడ్డా,” అంది.

నా వేడి తెలిసి అన్నదో, వాళ్ల మొహాలు చూసి అన్నదో నాకు ఇప్పటికీ తెలియదు. వేళ్లు మాత్రం చల్లగానే ఉన్నాయి.