చల్లారినాక బిగిసే ఇనుము

మా జఫర్‌గఢ్‌లో మొదటి బుల్లెట్టు మోటారుసైకిలు నాదే. 1976లో పాతది కొన్నాను. రోజూ పొద్దున దాన్ని నలుగురు నెట్టాలి. కిక్కు కొడితే కాలు ఉత్తగా కిందికి జారిపోయేది. ఎదురింటి సత్యమ్మ వాకిలి ఊడవడం ఆపి మరీ చూసేది.

"కొండల్ పటేలా, మా ఎడ్లను కట్టియ్యాల్నా?"

ఒకసారి అందుకుంటే సాయంత్రం దాకా బాగానే నడిచేది. జనగామ మిస్త్రీ దగ్గరికి మూడుసార్లు పోయాను. పోగానే పక్కమూత విప్పి, వాల్వులను ఎత్తే రెండు కడ్డీల సందు సరిచేసేవాడు. వేళ్లతో తిప్పితే కడ్డీ తిరగాలి, పైకీ కిందికీ ఆడకూడదు. కడ్డీల టకటక లేకుండా బండి ఇంటికొచ్చేది. తెల్లారితే మళ్లీ నెట్టుడే.

ఒక ఆదివారం మా బాపు కొడుకునని కూడా చూడకుండా తేల్చేశాడు.

"రేపు పొద్దుగాల ఒక్క కిక్కుకు లేస్తే ఉంటది. లేకుంటే అమ్ముడే. గా పైసలతోని ఎడ్లు కొంట. ఎడ్లనైతే ఎవలూ నెట్టరు."

ఆయన మాటంటే మాటే.

మధ్యాహ్నం ఎడ్లబండి చక్రానికి ఇనుప పట్టా వేయించడానికి కమ్మరి అంజయ్య దగ్గరికి పోయాను. పిడకల మంటలో ఇనుప పట్టాను ఎర్రగా కాల్చాడు. పట్టకార్లతో ఎత్తి చక్రానికి తొడిగితే వదులుగా దిగింది. నీళ్లు పోశాడు. బుస్సుమని ఆవిరి లేచింది, కర్ర కిర్రుమంది. పట్టా పట్టేసింది.

చిన్నప్పటి నుంచి చూస్తున్నదే. ఆ రోజు మాత్రం అక్కడే నిలబడిపోయాను.

"ఏంది పటేలా, గట్ల సూస్తున్నవ్?"

"అంజన్నా, వేడి మీద సరిగ్గ ఉన్నది సల్లారినంక బిగుస్తది గద?"

"బిగుస్తది. ఇనుము గుణమే గది. సక్రానికైతే మంచిదే."

"మరి ఇంజన్‌కు?"

"ఇంజన్ల సంగతి నన్నడుగుతవేంది? నాకు గాడిద సుత లేకపాయె!"

అప్పుడు వెలిగింది. నేను ప్రతిసారీ జనగామ దాకా బండి తోలుకుంటూ పోతున్నాను. మిస్త్రీ కాగిన ఇంజనులో సందు చూస్తున్నాడు. వేడికి ఇంజను సాగి ఉంటుంది. రాత్రికి చల్లారి కుంచించుకుంటే కడ్డీలు బిగిసి, వాల్వులు పూర్తిగా మూసుకోవు. గాలి నిలవదు. కాలు జారేది అందుకే.

ఇక ఆ రోజు బండి ముట్టలేదు. తెల్లవారి ఇంజను మీద చెయ్యి పెడితే కుండ నీళ్లలా చల్లగా తగిలింది. ప్లగ్గు తీసి ఆ బొక్కలో కందిపుల్ల పెట్టాను. మిస్త్రీ చేసినట్టే, పిస్టను పుల్లను పైకెత్తి ఆగినచోట, రెండు వాల్వులూ మూసుకోవాల్సిన చోట ఇంజనును ఆపాను. కడ్డీలు తిరగలేదు. పట్టాలాగే బిగిసి ఉన్నాయి.

నట్టు వదులుచేసి, వెంట్రుకవాసి చొప్పున తిప్పాను. ఒకటి తిరిగింది. రెండోది ఆడింది. మళ్లీ బిగించి, మళ్లీ వదిలి, అదీ ఆడకుండా తిరిగేదాకా చూశాను. మూత, ప్లగ్గు మళ్లీ బిగించాను.

బాపు అరుగు మీద కూర్చున్నాడు. నెట్టేవాళ్లు నలుగురూ అప్పటికే వచ్చారు.

కిక్కు మీద కాలు పెట్టాను. దిగలేదు. నా బరువంతా మోపినా నిలబెట్టింది. నవ్వు ఆపుకున్నాను. ఇంజనులో గాలి వదిలే లివరు నొక్కి కిక్కును కొంచెం దింపి, లివరు వదిలి, ఒక్క తన్ను తన్నాను.

దుగ్ దుగ్ దుగ్.

కోళ్లు గోడెక్కాయి. నెట్టడానికొచ్చిన నలుగురూ చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక నిలబడ్డారు. సత్యమ్మ చీపురు కదలలేదు.

బాపు లేచాడు. అన్నాళ్లూ ఆ బండి ఎక్కనివాడు, ధోతి ఎగ్గట్టి నా వెనక కూర్చున్నాడు.

"యాడికి బాపు?"

"యాడికన్న పోనీయి. సత్తెమ్మ ముంగట్నుంచి జర మెల్లగ పోనీయి."